రామకోటేశ్వరరావు గారి పాములు

“అది పాము కాదండీ, తెగిపోయిన వల తాడు.”

“తాడు తలెత్తుద్దా అండీ?”

“గాలికి లేచింది.”

“గాలికి నాలిక కూడా బయటపెట్టిందా?”

“నాలిక కూడా చూశారా మీరు? మూరెడు లెన్సులోంచి నాకు కనపడని నాలిక, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయొచ్చిన మీకు కనపడిందా?”

“భయమున్నోడికి కళ్ళజోడెందుకండీ డాక్టరు గారూ.”

ఈ గొడవ మా సుమో వెనక సీట్లో జరుగుతోంది. డ్రైవరు సీట్లో ఉన్నవాడికి ఇలాంటివన్నీ ఉచితం. మూరెడు లెన్సు ఉన్నాయన జయకృష్ణ గారు, పళ్ళ డాక్టరు. వారమంతా జనం నోళ్ళలోకి చూసి చూసి, ఆదివారం ఆకాశంలోకి చూడ్డానికి కెమెరా కొనుక్కున్నాడు. కళ్ళజోడు మర్చిపోయినాయన రామకోటేశ్వరరావు గారు.

రామకోటేశ్వరరావు గారికి పాములు కనపడతాయి. ఆయన గురించి ఇదొక్కటి తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే. మేము పక్షులు చూడ్డానికి వెళ్తాం, ఆయనకి పాము కనపడుతుంది. ఆయనకే కనపడుతుంది. గుంపులో ఇంకెవరికీ ఒక్కసారైనా, తోకైనా కనపడలేదు.

నేను ఈ గుంపులో ఎలా పడ్డానో కూడా చెప్పాలి. నేను డిగ్రీ రెండో ఏడు మానేసినవాణ్ణి. తెలివి తక్కువై కాదు, నోరు ఎక్కువై. లెక్చరరు గారు చెమటలు కక్కుతూ పాఠం చెబుతుంటే లేచి నిలబడి, “ఇదే గైడులో ఇంకా బాగుంది సార్” అన్నాను. తర్వాత సెల్‌ఫోన్ల షాపులో చేరి, కొనడానికొచ్చిన మొదటి మనిషితోనే, “ఇది నాలుగు రోజులకే పోద్దండీ” అన్నాను. ఉన్నమాట అనడం నాకు గర్వం. ఆ గర్వంతోనే ఒక ఏడాదంతా ఇంట్లో పడుకున్నాను. చివరికి మా నాన్న ఒక పాత సుమో కొని, తాళాలు నా చేతిలో పెట్టి, “రోడ్డుతో మాట్లాడుకో. మనుషులతో మాట్లాడమాక” అన్నాడు.

ఆ సుమోని పద్మశ్రీ మేడమ్ ఆదివారాలకి మాట్లాడుకున్నారు. ఆవిడ ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెబుతారు. ఆవిడే ఈ పక్షుల గుంపుకి పెద్ద. మొదట్లో నాకు వీళ్ళని చూస్తే నవ్వొచ్చేది. మా కృష్ణలంకలో కాకులు చూడ్డానికి ఎవరూ పైసా అడగరు, వీళ్ళు డీజిలు పోయించి మరీ కొంగల్ని చూస్తారేంటని. తర్వాత ఎవరో మిగులు బైనాక్యులర్ చేతిలో పెట్టారు. ఒక గూడబాతు ముక్కు కిందున్న సంచిని అంత దగ్గరగా చూశాక నా నవ్వు ఆగిపోయింది. అది అచ్చం మా మేనమామ గడ్డంలా ఉంది.

రామకోటేశ్వరరావు గారు ఇన్సూరెన్సు ఏజెంటు. యాభై దాటిన మనిషి, ఖాకీ టోపీ, చేతిలో నల్లగొడుగు, కాళ్ళకి తళతళలాడే కాన్వాసు బూట్లు. సత్యనారాయణపురంలో ఇల్లు. నేను తెల్లారగట్ల వెళ్ళేసరికి గుమ్మంలో సిద్ధంగా ఉండేవాడు. ఒకసారి ఆయన భార్య సుబ్బరత్నం గారిని అడిగాను.

“ఇంట్లో కూడా పాములు కనపడతాయాండీ ఆయనకి?”

“ఇంట్లో ఏమీ కనపడవు నాయనా. కళ్ళజోడు కనపడదు, తువ్వాలు కనపడదు. కంచంలో కూర వడ్డిస్తే ఏదీ కూర అంటాడు. కళ్ళన్నీ మీకోసమే దాచుకుంటాడనుకుంటా.”

కొల్లేరు గట్టు మీద ఆయనకి కట్లపాము కనపడింది. ఏరు సముద్రంలో కలిసే మొగదగ్గర రక్తపింజరి కనపడింది. బందరు దాటాక ఇసకతిన్నె మీద ఏకంగా సముద్రపు పాము కనపడింది.

“సముద్రపు పాము ఇసక మీదికెందుకొస్తుందండీ?” అని పద్మశ్రీ మేడమ్ పాఠం అడిగినట్టు అడిగారు.

“అదే నేనూ అనుకుంటున్నానండీ. ఏం కష్టమొచ్చిందో దానికి,” అన్నాడాయన.

ఆ పాముల గుణం ఒకటి ఉంది. మేము ఎటు వెళ్ళాలనుకుంటే సరిగ్గా అటే పడుకునేవి. పిట్టలు ఎదురుగా కనపడుతుంటాయి, డాక్టరు గారు లెన్సు బిగిస్తుంటాడు, నాలుగడుగులు వేస్తే చాలు. అప్పుడు గొడుగు అడ్డంగా లేచేది. “ఆగండి. పాము.” ఇక మేమంతా చుట్టూ తిరిగి, తుమ్మకంపలో పడి, బురద తొక్కుకుంటూ వెళ్ళేసరికి పిట్టలు ఎగిరిపోయి, వాటి రెట్ట మాత్రం మిగిలేది. డాక్టరు గారు దాన్నే ఫొటో తీసేవాడు.

ఇంకో తమాషా. పాములంటే అంత హడలిపోయే మనిషి వెనక నడవాలి గదా. ఆయన ఎప్పుడూ ముందే నడిచేవాడు. అదీ తల దించుకుని. నెత్తి మీద గద్ద వెళ్తున్నా తలెత్తేవాడు కాదు. ఆడపెళ్ళివారి ముందు కూర్చున్న పెళ్ళికొడుకులా నేలచూపులు చూస్తూ, గొడుగు కొసతో గడ్డి పక్కకి తప్పిస్తూ నడిచేవాడు. చలికాలం వస్తే మాత్రం మనిషి మారిపోయేవాడు. అందరితోపాటు తలెత్తి, నోరు తెరిచి ఆకాశం చూసేవాడు. ఒక్క పామూ ఉండేది కాదు. ఉగాది దాటిందంటే మళ్ళీ మొదలు.

“ఎండలకి పాములు బయటికొస్తాయిలెండి,” అని మేడమ్ సర్దిచెప్పేవారు.

“ఎండలకి బయటికొచ్చేది పాములు కాదు మేడమ్, ఆయన పాలసీలు,” అనేవాడు డాక్టరు. పాము కనపడ్డ ప్రతిసారీ మర్నాడు ఎవరో ఒకరు భయపడి ఇన్సూరెన్సు చేయించుకుంటున్నారని ఆయన అనుమానం. అది అబద్ధం. ఆదివారం పూట రామకోటేశ్వరరావు గారు పాలసీ మాటెత్తగా నేను వినలేదు. కానీ ఆ జోకు బాగుందని నేనూ నలుగురికి చెప్పాను.

రెండువేల నాలుగులో, ఉగాది వెళ్ళాక ఒక ఆదివారం, కోడూరు అవతల సముద్రపు పక్క రాజహంసలు దిగాయని కబురొచ్చింది. ఎండలు ముదిరితే వెళ్ళిపోతాయి, ఇదే ఆఖరు అన్నారు. డాక్టరు గారు కొత్త రీలు ఎక్కించుకుని కూర్చున్నాడు. పామర్రులో టిఫిన్‌కి ఆగాం. రామకోటేశ్వరరావు గారు అరటిపళ్ళు తెస్తానని రోడ్డు దాటగానే పంచాయితీ మొదలైంది.

“మేడమ్, ఇవాళ ఆయన పామన్నాడంటే నేనింక రాను. ఆయనో నేనో తేల్చెయ్యండి.”

“పెద్దాయనండీ. రావద్దని ఎట్టా చెబుతాం? శనివారం సాయంత్రమే బూట్లకి సున్నం రాసుకుని గుమ్మంలో పెట్టుకుంటారంట. ఆయనకి ఆదివారమంటే ఇదే.”

“అయితే ఆ బూట్ల కోసం నా రాజహంసలు పోవాలా?”

అప్పుడు నా నోరు లేచింది. దాన్నెవరూ పిలవలేదు.

“నేను తేలుస్తానండీ. ఇవాళ ఆయన పాముందన్న చోటికి నేను నడిచెళ్తా. పాము లేకపోతే, ‘మీరింక రావద్దండీ’ అని మొహానే చెప్పేస్తా. మీకు మాట రాదు.”

“నువ్వు చెబుతావా?” అన్నారు మేడమ్.

“నాకలవాటే గదండీ.”

ఇద్దరి మొహాలూ తేలికపడ్డాయి. రామకోటేశ్వరరావు గారు అరటిపళ్ళ అత్తం పట్టుకొచ్చి, మొదటి పండు నాకిచ్చాడు. “తిను చిట్టిబాబూ, బండి నడిపేవాడివి,” అన్నాడు. తిన్నాను. అరటిపండు గొంతులో అడ్డం పడుతుందని ఆరోజే తెలిసింది.

కూచిపూడి దాటుతుండగా టైరు పంచరైంది. కాలవ గట్టున బండి ఆపి, జాకీ కోసం వెనక కింద చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. జాకీ అంత చల్లగా, అంత మెత్తగా ఉండదు. ఆ తర్వాత నేను వేసిన అడుగులు ఆ ఊరి గురువులెవరైనా చూసుంటే శిష్యుడిగా చేర్చుకునేవారు. కళ్ళు తెరిచేసరికి బండి బానెట్ మీద ఉన్నాను. చేతిలో ఎవరిదో టోపీ ఉంది.

పాము తీరిగ్గా రోడ్డు మీదికొచ్చింది. నిజం పాము. డాక్టరు గారు బండిలోకి దూరి తలుపేసుకున్నాడు. మేడమ్ ఎక్కడికీ దూరలేక కళ్ళు మూసుకున్నారు. రామకోటేశ్వరరావు గారు మాత్రం వచ్చి, గొడుగు కొసతో దాన్ని మెల్లిగా ఎత్తి, ఇంట్లో సుబ్బరత్నం గారితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

“పదవే తల్లీ. అటు, నీళ్ళటున్నయ్. ఇక్కడ లారీ కింద పడతావ్.”

దాన్ని కాలవలో మిగిలిన మడుగులో వదిలి, గొడుగు తుడుచుకుంటూ వచ్చి, నా చేతిలో తన టోపీ అడిగి తీసుకున్నాడు.

“మీకు పాములంటే భయం గదండీ?” అన్నారు మేడమ్, ఒక కన్ను తెరిచి.

ఆయన తడబడ్డాడు. “అంటే… ఇది నీళ్ళపాము గదండీ. మనదే.”

“ఉన్న పాముకి భయపడడు, లేని పాముకి భయపడతాడు. ఇదేం జబ్బో మా పళ్ళ చదువులో లేదు,” అన్నాడు డాక్టరు, అద్దం వేలెడు దించి.

నాకు అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు. నా అనుమానమంతా బండి కింద రెండోది కూడా ఉందేమోనని. చివరికి టైరు కూడా రామకోటేశ్వరరావు గారే పట్టుకున్నాడు. నేను బానెట్ మీంచి సలహాలిచ్చాను.

కోడూరు దాటాక రోడ్డు పోయి మట్టి వచ్చింది, మట్టి పోయి ఉప్పుగాలి వచ్చింది. అక్కడన్నీ వదిలేసిన రొయ్యల చెరువులు. ఒకప్పుడు ఎకరాలకెకరాలు తవ్వారు, రొయ్యకి తెగులొచ్చి వదిలేశారు. అడుగు ఎండి, నెర్రెలిచ్చి, నత్తగుల్లలు పరుచుకుని ఉంది. ఆ ఎండిన చెరువుకి అవతలి గట్టు కింద నీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో రాజహంసలు. దూరానికి ఎవరో గులాబీరంగు చీర ఉతికి ఆరేసినట్టుంది. డాక్టరు గారు లెన్సు మూత తీశాడు.

“సూటిగా చెరువులోంచి పోదాం,” అన్నాడు గొంతు తగ్గించి.

ముందు నడుస్తున్న గొడుగు అడ్డంగా లేచింది.

“ఆగండి. పాము.”

అందరూ నావైపు చూశారు.

“ఎట్టా ఉందండీ?” అన్నాడు డాక్టరు, పళ్ళ మధ్యనుంచి.

“నల్లగా ఉందండీ. నా బెల్టంత ఉంటది. గట్టు చుట్టూ పోదాం పదండి, ఎంత, పది నిమిషాలు.”

“చిట్టిబాబూ,” అన్నాడు డాక్టరు.

నేను గట్టు దిగాను. “ఒద్దు, ఆగు, చిట్టీ ఆగు,” అని వెనకనుంచి రామకోటేశ్వరరావు గారి గొంతు వినపడుతూనే ఉంది. పొద్దున బానెట్ ఎక్కిన పరువు ఇప్పుడు దింపుకోవాలి గనుక, రొమ్ము విరుచుకుని, తలెత్తి, అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి నా ప్రేక్షకుల్ని చూసుకుంటూ నడిచాను. నెత్తి మీద చిన్న చిన్న తెల్లపిట్టలు, నల్లటోపీ, పసుపు ముక్కు, కీచుకీచుమంటూ మూగాయి. నన్ను మెచ్చుకుంటున్నాయనుకున్నాను. ఒకటి నా భుజం మీద రెట్ట వేసింది. అప్పటిగ్గానీ అవి తిడుతున్నాయని అర్థం కాలేదు.

“ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచు.”

ఆయన పరిగెత్తుకొచ్చి నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. అరవలేదు. మెల్లిగా అన్నాడు గానీ, ఆ గొంతు విని నా కాలు గాల్లోనే ఆగిపోయింది.

కిందికి చూశాను. మొదట ఏమీ కనపడలేదు. నత్తగుల్లలు, మట్టి. తర్వాత ఆ మట్టిలోంచే రెండు గుడ్లు తేలాయి. బొటనవేలితో నొక్కినంత గుంట, అందులో ఇసకరంగు గుడ్లు, వాటిమీద ముక్కుపొడుం చల్లినట్టు మచ్చలు. గూడు లేదు, పుల్ల లేదు. రెప్పవేస్తే మళ్ళీ మట్టిలో కలిసిపోతున్నాయి. నా చెప్పు నీడ వాటిమీదే ఉంది. పక్కకి చూశాను, ఇంకో రెండు. అటు పక్క మూడు. నేను రొమ్ము విరుచుకుని నడిచింది ఒక పురిటిగదిలో.

“పాము?” అన్నాను.

“ఏ పాము?” అన్నాడాయన.

నేను ఒంటికాలి మీద కొంగలా నిలబడి, నెల్లాళ్ళ తర్వాత తెలివొచ్చినవాడిలా ఆయన్ని చూశాను. కొల్లేరు కట్లపామూ, ఏటిమొగ రక్తపింజరీ, ఇసకతిన్నె మీద కష్టమొచ్చిన సముద్రపు పామూ, అన్నీ వరసగా గుడ్లు పెట్టాయి నా బుర్రలో.

“వాళ్ళకి చెప్పొచ్చు గదండీ. పిట్టలంటే ప్రాణం పెట్టే మనుషులు.”

“ప్రాణం గనకే దగ్గరికొస్తారయ్యా. ఒక ఏడు చెప్పా. అందరూ చుట్టూ చేరారు. డాక్టరు గారు పడుకుని మరీ ఫొటోలు తీశాడు. తల్లి పైన తిరిగి తిరిగి దిగలా. ఈ ఎండకి గుడ్డెంతసేపు ఆగుద్ది? మనం ఇటు రాగానే కాకులు అటు దిగినయ్.” ఆయన గట్టు వైపు చూశాడు. అక్కడ కాకులు నిజంగానే మా పని ఎప్పుడవుతుందా అని కూర్చుని ఉన్నాయి.

“ఆ ముక్కే చెప్పాల్సింది.”

“అప్పుడు ఇంకోటి కూడా జరిగింది. వెనక్కి నడుస్తా నడుస్తా ఒకరు గుడ్లు తొక్కేశారు. ఆవిడకి తెలియదు. తెలిస్తే ఈ జన్మలో మళ్ళీ బైనాక్యులర్ పట్టదు.” అని, నోరు జారినందుకు దగ్గాడు. మా గుంపులో ఆవిడ అనదగ్గ మనిషి ఒక్కరే.

“అందుకని పామా?”

“పామైతే ఎవరి తప్పూ ఉండదు గదయ్యా.”

“ఏమయ్యా, ఉందా లేదా?” డాక్టరు గారు గట్టు మీంచి కేకేశాడు. ఒక కాలు అప్పటికే చెరువులోకి దించాడు.

రామకోటేశ్వరరావు గారు నన్నేమీ అడగలేదు. బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. సున్నం రాసిన ఆ తెల్లబూట్ల మీద నా కోసం పరిగెత్తిన దుమ్ము పడింది. నేను లేదన్నానంటే ఆయనకి ఇదే ఆఖరి ఆదివారం. ఉందన్నానంటే, జీవితంలో నాకున్న ఒకే ఒక్క ఆస్తి, ఉన్నమాట అంటాడన్న పేరు, ఈ చెరువులో కలుస్తుంది. ఆ ఆస్తి నాకింతవరకూ కాలేజీ మిగల్చలేదు, ఉద్యోగం మిగల్చలేదు. పోతే పోయిందనుకున్నాను.

“ఉందండోయ్,” అని అరిచాను.

అరవడం మొదలుపెట్టాక ఆపడం నాకు చేతగాలేదు. కొత్తగా అబద్ధమాడేవాడికి కొలతలు తెలియవు గదా. “ఒకటి కాదండీ, రెండు. తాచులు. నా తొడంత లావున్నయ్. పడగలిప్పి చూస్తన్నయ్. అమ్మో, మీ వైపే వస్తన్నయ్ డాక్టరు గారూ.” ఎత్తిన కాలు తిమ్మిరెక్కింది గనుక, వెనక్కి గెంతిన గెంతులు మాత్రం అచ్చంగా నిజం.

గట్టు మీద జనం లేరు. దుమ్ము మాత్రం ఉంది. మేడమ్ చెప్పు ఒకటి, డాక్టరు గారి లెన్సు మూత ఒకటి మిగిలాయి. అవతల రాజహంసలు ఆ గోలకి ఒక్కసారిగా లేచి, రెక్కల కింద ఎరుపంతా చూపిస్తూ మా నెత్తి మీంచే వెళ్ళాయి. అంతటి దృశ్యాన్ని మేమిద్దరమే చూశాం. కెమెరా అప్పటికే బండి చేరింది. రామకోటేశ్వరరావు గారు, ఉగాది దాటాక మొదటిసారి, తలెత్తాడు. నేను ఆయన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ బయటపడ్డాను. పిట్టలు ఒకటొకటిగా దిగి గుడ్ల మీద సర్దుకున్నాయి.

తిరుగుదారిలో బండి నిండా మర్యాద.

“ఇన్నాళ్ళూ మిమ్మల్ని అనుమానించానండీ,” అన్నాడు డాక్టరు.

“పర్లేదండీ.”

“చిట్టిబాబు చెప్పాడంటే ఇంక తిరుగులేదు. వాడు మొహమాటానికి కూడా అబద్ధమాడడు. ఆ పాలసీ కాగితాలేవో రేపు మా క్లినిక్‌కి పంపండి.”

“పాలసీల సంగతి ఆదివారం ఎందుకులెండి.”

“మీరు మాతో లేకపోతే ఏమైపోయేవాళ్ళమండీ,” అన్నారు మేడమ్, ఒంటిచెప్పు చేత్తో పట్టుకుని. “అయినా ఇంక ఎండాకాలం ఈ తిరుగుళ్ళు వద్దు. కొల్లేరు కూడా వద్దు. ఆదివారం ఎవరింట్లోనన్నా కూర్చుని ఫొటోలు చూసుకుందాం.”

“నేనైతే సినిమాకెళ్తా,” అన్నాడు డాక్టరు.

అద్దంలో రామకోటేశ్వరరావు గారి మొహం చూశాను. పాము కనపడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో మొదటిసారి నిజంగా చూశాను.

అందర్నీ దింపి ఆఖరికి సత్యనారాయణపురం చేరాం. సుబ్బరత్నం గారు గుమ్మంలోకొచ్చారు.

“ఇవాళ కూడా కనపడిందా నాయనా ఈయనకి?”

“ఇవాళ నాక్కూడా కనపడిందండీ.”

“అయ్యో రాత. నీక్కూడా అంటించాడా,” అని ఆవిడ మజ్జిగ తేవడానికి లోపలికెళ్ళారు.

రామకోటేశ్వరరావు గారు బండి దిగి, ఇంట్లోకి వెళ్ళకుండా, నా వైపు అద్దం దగ్గరికొచ్చి వంగాడు. ఆవిడ వెళ్ళిందో లేదో చూసుకున్నాడు.

“నీ పాము బాగుందయ్యా చిట్టిబాబూ. కాదన్ను. కానీ వచ్చేసారి కాస్త చిన్నదాన్ని చూడు నాయనా. పక్కకి తప్పుకునేంతది చాలు. మరీ పారిపోయేంతదైతే, రేపట్నుంచి మన పిట్టల్ని చూడ్డానికి ఎవరొస్తారు?”